కిటికీలోనుండి చూసిన మీకాలు



క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ పల్లె సంఘాల్లో ఒక వాదం లేస్తుంది. ఆడపిల్లలు పాటకు అడుగులు వేయవచ్చా, వేయకూడదా? యౌవనస్థులు నాటకం వేస్తే మందిరంలో వేయాలా, బయట పందిట్లో వేయాలా? ఎవరో ఒక పెద్దాయన లేచి, "మన బిడ్డలేమన్నా ఆటగాళ్లా అయ్యగారూ, స్టేజీ ఎక్కి ఎగరడానికి?" అంటాడు. ఆ మాట ప్రశ్నలాగా వినిపిస్తుంది గానీ అది తీర్పు. "ఆటగాళ్లు" అనే పేరును మనం తిట్టుగా వాడుకుంటున్నాం. ఈ వారం ఆ ఒక్క మాట గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆడి పాడి బతికేవాళ్ల పనిలో సిగ్గుపడాల్సింది లేదు. సిగ్గు ఎక్కడన్నా ఉంటే, వాళ్ల ఆట చూసి సంతోషించి, మరుసటి రోజు వాళ్లనే చులకన చేసే మన చూపులో ఉంది. దీనికి సాక్ష్యం వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కరలేదు. మన పక్కనే ఉంది.

గండి దగ్గర పాపాఘ్ని కొండను చీల్చుకుని పారడం మీరందరూ చూసినదే. ఆ గండి ఉన్న చక్రాయపేట మండలంలోనే సురభి అనే పల్లె ఉంది. పాత పేరు సొరుగు అంటారు. 1885లో ఆ పల్లెలో వనారస గోవిందరావు "కీచకవధ" నాటకం ఆడించాడు. ఆ కుటుంబాలవాళ్లు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. మరాఠీ ప్రాంతం నుంచి తరాల కింద దక్షిణానికి వచ్చిన ఆరె కులస్థులు. ఇంట్లో వాళ్ల మాట మరాఠీ యాస, తెర మీద తెలుగు. బొమ్మలతో చెప్పిన కథను మనుషులతో చెప్పించడమే ఆ రోజు జరిగిన కొత్త పని. అక్కడినుంచి బయలుదేరిన సమాజం ఆ పల్లె పేరునే ఇంటిపేరులాగా మోసుకుంటూ తెలుగు దేశమంతా తిరిగింది. సురభి నాటకమంటే తెలియని తెలుగువాడు ఒకప్పుడు లేడు. అయితే సురభి అనేది కడప జిల్లాలో ఒక చిన్న పల్లె పేరని మన జిల్లా పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో కాలేజీకి పోయే మన బిడ్డలను అడిగి చూడండి.

వాళ్లు ఎట్లా బతికారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సంఘానికి అందులో పాఠం ఉంది. సురభివాళ్లది జీతానికి మనుషులను పెట్టుకుని నడిపే కంపెనీ కాదు. అవ్వ, తాత, కొడుకులు, కోడళ్లు, మనవళ్లు, అందరూ కలిసి ఒక సమాజం. కుటుంబం పెరిగితే సమాజం చీలి ఇంకొకటి అయ్యేది. ఆ విధంగా ఒక కాలంలో ముప్పైకి పైగా సమాజాలయ్యాయి. ఊరి బయట డేరా వేస్తే అదే ఇల్లు, అదే నాటకశాల. పొద్దున వంట చేసిన ఆమే రాత్రికి రాణి. ముందు రంగంలో రాజు వేషం వేసిన ఆయనే వేషం తీసేసి, వెనక్కి పోయి తెర లాగే తాడు పట్టుకుంటాడు. ఒకరు హార్మోనియం, ఒకరు తబలా, ఒకరు దీపాలు, ఒకరు గేటు దగ్గర టికెట్లు. పసిపిల్ల ఏడుస్తుంటే ఆ రంగంలో పని లేనివాళ్లు ఎత్తుకుంటారు. మాట పలకడం వచ్చిన పిల్లవాడు ప్రహ్లాదుడు, లవుడు, కుశుడు అవుతాడు. పెద్దయ్యాక రాముడో కృష్ణుడో అవుతాడు. గొంతు తగ్గాక తెర వెనక చేరి చిన్నవాళ్లకు నేర్పుతాడు. పాట, పద్యం, అడుగు, వేషం, తెర మీద రంగులు వేయడం, అన్నీ ఇంట్లోనే నేర్చుకున్నవి. మాయాబజారులో ఘటోత్కచుని నోట్లోకి లడ్లు వాటంతట అవే ఎగిరి పోతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఆ లడ్డు వెనక కనబడని తీగ ఉంది. ఆ తీగ పట్టుకున్న చెయ్యి ఉంది. ఆ చేతికి చప్పట్లు రావు.

అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాసింది గుర్తు తెచ్చుకోండి. శరీరం ఒక్కటే, అవయవాలు అనేకం. కన్ను చేతితో నువ్వు నాకు అక్కరలేదని చెప్పలేదు. ఈ మాట మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను, నేనూ చేశాను. అయితే దాన్ని రోజూ బతికి చూపించిన మనుషులు మన మండలం నుంచి బయలుదేరిన ఆ డేరా కుటుంబాలు. మన సంఘాల్లో మైకు పట్టుకోవడానికి పదిమంది, చాపలు పరచడానికి ఒక్కరూ ఉండరు. పౌలు కూడా డేరాలు కుట్టి బతికినవాడేనని మర్చిపోవద్దు.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతికి వద్దాం. వాదమంతా ఆడపిల్లల దగ్గరే కదా మొదలయ్యేది.

ఆ కాలంలో నాటకంలో సీత వేషమైనా, ద్రౌపది వేషమైనా మగవాళ్లే వేసేవాళ్లు. స్థానం నరసింహారావు గారికి స్త్రీ వేషాల వల్లనే కీర్తి వచ్చింది, 1956లో పద్మశ్రీ వచ్చింది. కృష్ణా జిల్లా కూచిపూడి కూడా మన సురభి లాగే ఒక పల్లె, అక్కడా నాట్యం కుటుంబాల ఆస్తి. కానీ అక్కడి మేళాల్లో ఆడడం మగవాళ్ల వంతు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం వేస్తే చూసినవాళ్లు మగవాడంటే నమ్మలేకపోయారట. అక్కడ ఆడపిల్లలకు ఆ విద్య అందడానికి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటి గురువులు సంప్రదాయాన్ని దాటి రావలసి వచ్చింది. మన సీమలో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారు లాయరు, గొప్ప నటుడు. ఆడ వేషం ఆడవాళ్లే వేయాలని ఆయన గట్టిగా వాదించాడు. చదువుకున్నవాళ్లు సభల్లో అట్లా వాదించుకుంటున్న కాలంలోనే సురభి డేరాల్లో తల్లులు, భార్యలు, కూతుళ్లు వేషాలు వేస్తున్నారు. అవసరమైతే మగ వేషాలు కూడా. నాకు తోచేదేమంటే, తోలుబొమ్మలాటలో తెర వెనక ఆడబొమ్మలకు గొంతు ఇచ్చి పాడింది వాళ్ల ఆడవాళ్లే. అందుకే బొమ్మల చోట మనుషులు వచ్చేసరికి వాళ్లు తెర ముందుకు రావడం వింత కాలేదు. ఆ కుటుంబాలలో పుట్టిన సురభి కమలాబాయి గారే 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో లీలావతి. తల్లి నాటకం ఆడుతుండగా ఆమె రంగస్థలం మీదే పుట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇందులో ఒక మాట గమనించండి. సురభి ఆడపిల్ల స్టేజీ మీద ఉన్నప్పుడు, తండ్రి పక్క వేషంలో ఉన్నాడు, అన్న తెర దగ్గర ఉన్నాడు, అవ్వ వెనక కూర్చుని చూస్తున్నది. ఆమె ఒంటరిది కాదు. ఆడపిల్ల ఆడితే పరువు పోతుందని భయపడే తల్లిదండ్రులకు నా జవాబు ఇదే. ఆపవద్దు, పక్కన నిలబడండి.

మన జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సుల పేరుతో జరిగేది నాకు తెలియక కాదు. ఎక్కడినుంచో ఆడపిల్లలను తెస్తారు, అర్ధరాత్రి దాకా ఆడిస్తారు, తాగినవాళ్లు నోట్లు విసురుతారు, నోటికొచ్చినట్లు మాట్లాడతారు. తెల్లారితే ఆ పిల్లనే చెడిపోయినదంటారు. నోట్లు విసిరినవాడు మాత్రం ఇంటికి పోయి స్నానం చేసి పెద్దమనిషి అవుతాడు. ఇందులో చెడిపోయింది ఎవరు? హేరోదు పుట్టినరోజు విందులో హేరోదియ కూతురు నాట్యం చేసింది, బాప్తిస్మమిచ్చు యోహాను తల పోయింది. ఈ కథ చూపించి నాట్యమే పాపమని చెప్పేవాళ్లున్నారు. మరొక్కసారి చదవండి. ఆ పిల్లను నడిపించింది తల్లి. నోరు జారి ఒట్టు పెట్టుకున్నది రాజు. విందులో కూర్చున్నవాళ్ల ముందు మాట తప్పితే పరువు పోతుందని తల నరికించిందీ రాజే. కుర్చీలో కూర్చుని చూసినవాడి పాపాన్ని కాళ్లు కదిపిన పిల్ల మీద మోపవద్దు.

నిర్గమకాండం ఒక్కటే తీసుకోండి. పదిహేనవ అధ్యాయంలో ఎర్ర సముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టుకుంది, స్త్రీలందరూ నాట్యం చేస్తూ ఆమె వెంట వెళ్లారు. ముప్పై రెండో అధ్యాయంలో అదే జనం బంగారు దూడ ముందు నాట్యం చేశారు, మోషే కోపంతో పలకలు పగలగొట్టాడు. అవే కాళ్లు, అదే జనం. కాబట్టి ఎవరి ముందు, ఎందుకోసం, ఎటువంటి మనసుతో అని అడగాలి గానీ, కాళ్లు కదిలాయా లేదా అని కాదు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చిన రాత్రి తండ్రి ఇంట్లో పాటలూ నాట్యమూ జరిగాయని లూకా రాశాడు. ఆ శబ్దం విని లోపలికి రానని బయట నిలబడింది పెద్దకొడుకు. మన సంఘాల్లో ఆ పెద్దకొడుకు ఇంకా పొలంలోనుంచి వస్తూనే ఉన్నాడు.

"అయ్యగారూ, సురభివాళ్లు ఆడింది పురాణాలు కదా, మీరు పొగడవచ్చా?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వాళ్ల కథలో నమ్మిక పెట్టమని నేను చెప్పడం లేదు. మనిషి చేసిన పనిని గౌరవించమంటున్నాను. ప్రత్యక్ష గుడారం పని చేసిన బెసలేలుకు ఆ చేతి నైపుణ్యం దేవుడే ఇచ్చాడని చదువుతాం. అయితే మన పక్క పల్లెవాడి చేతిలో ఉన్న నైపుణ్యం ఎవరిచ్చారు? మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలో ఈ నేల రాగాల్లోనే ప్రభువును కీర్తించారు. మన పల్లెల్లో బుర్రకథగా యేసుప్రభువు కథ విని రక్షణ పొందిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. తాళం తీసుకున్నాం, రాగం తీసుకున్నాం, బుర్రకథ తీసుకున్నాం. వాటిని తరతరాలుగా కాపాడిన మనుషులను మాత్రం ఆటగాళ్లని తోసేస్తే అది న్యాయమా?

పైగా సురభివాళ్లు పురాణాల దగ్గరే ఆగిపోలేదు. 1990లలో కర్ణాటక నుంచి బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్లతో పనిచేశారు. "భీష్మ", "చండీప్రియ" తర్వాత "బస్తీ దేవత యాదమ్మ" వచ్చింది. అది జర్మనీ రచయిత బ్రెష్ట్ నాటకం నుంచి తీసుకున్నది. ఆ మూలకథలో దేవుళ్లు భూమికి దిగివచ్చి ఒక్క మంచి మనిషి కోసం వెతుకుతారు. ఊరంతా తలుపులు మూసుకుంటుంది. రాత్రికి చోటిచ్చింది ఊరు చులకన చేసిన ఒక పేద స్త్రీ. ఈ కథ వింటే యెరికోలో రాహాబు గుర్తు రాకుండా ఉంటుందా?

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. ఇది మన ఇళ్లలోని మాట, నొప్పి ఉన్న మాట. మన సంఘాల్లో చాలామంది తాతలు తప్పెట కొట్టినవాళ్లు. ఊరి జాతరకు, పెద్దవాళ్ల చావుకు పిలిస్తే పోవాలి, పోకపోతే దెబ్బలు. ఇచ్చింది తీసుకోవాలి. ప్రభువును నమ్ముకున్నాక చాలామంది ఆ తప్పెటను అటక మీద పెట్టేశారు. ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. అది వాద్యాన్ని వదిలేయడం కాదు, వెట్టిని వదిలేయడం. ఎవరూ వాళ్లను తప్పు పట్టకూడదు. అయితే ఇప్పుడు పిలిచి దండించేవాడు లేడు. సిగ్గు వెట్టి చేయించుకున్నవాడిది, తాత చేతిది కాదు. ఆ తాళం మన బిడ్డలకు రావాలంటే, నేర్పగలిగే ముసలి చేతులు ఇంకా ఉన్నప్పుడే రావాలి. తంబురతోను నాట్యముతోను దేవుని స్తుతించమని కీర్తనకారుడు చెప్పినప్పుడు, ఏ కులం తంబుర అని అడగలేదు.

లోకంలో ఒక ఊరి సంగతి కూడా వినండి. జర్మనీలో ఒబెరామెర్‌గావ్ అనే కొండపల్లె ఉంది. 1633లో తెగులు వచ్చి జనం చనిపోతుంటే, తెగులు ఆగితే ప్రభువు శ్రమలను నాటకంగా ఆడతామని ఊరు మొక్కుకుంది. 1634లో మొదలుపెట్టారు. ఇప్పటికీ పదేళ్లకొకసారి ఆడుతున్నారు. 2020లో ఆడవలసింది కరోనా వల్ల 2022లో ఆడారు. వేషం వేయాలంటే ఆ ఊర్లో పుట్టి ఉండాలి, లేదా ఇరవై ఏళ్లు అక్కడ కాపురముండాలి. వడ్రంగి, అంగడివాడు, బడిపిల్లలు, అందరూ ఆటగాళ్లే. ఆ ఊర్లో కూడా పెళ్లయిన ఆడవాళ్లను, ముప్పై ఐదేళ్లు దాటినవాళ్లను చాలా కాలం వేదిక ఎక్కనివ్వలేదు. కోర్టు తీర్పు వచ్చాకే 1990లో ఆ అడ్డు పోయింది. ప్రభువు నాటకమాడే క్రైస్తవ పల్లెకు 1990 దాకా పట్టింది. మన కడప జిల్లా డేరా కుటుంబాలు ఆ పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే చేశాయి.

ఆ పల్లెకూ మనకూ ఇంకొక తేడా ఉంది. ఆ ఊరు తన ఆటగాళ్లను తనలోనే ఉంచుకుంది. మనం ఉంచుకోలేకపోయాం. సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది, ఇప్పుడు ఫోను వచ్చింది. ముప్పైకి పైగా ఉన్న సమాజాలు ఈరోజు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. చాలా కుటుంబాలు హైదరాబాదు పక్కన శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఉంటున్నాయి. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపించిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అనేవారు, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2022లో కన్నుమూశారు. బిరుదులు వచ్చాయి, మంచిదే. బిరుదు అన్నం పెట్టదు. టికెట్టు అన్నం పెడుతుంది.

ఆ బతుకంతా తేనె అని కూడా చెప్పను. ఊరూరూ తిరిగే డేరాలో బిడ్డల చదువు సాగడం కష్టం. వాన వస్తే ఆట లేదు, ఆట లేకపోతే పొయ్యి లేదు. ముసలితనానికి దాచుకున్నది ఉండదు. ఆ ఇళ్ల పిల్లలు ఈరోజు వేరే ఉద్యోగం చూసుకుంటే నేను వాళ్లను తప్పు పట్టను. పూర్వీకుల కళను కాపాడమని వాళ్లకు బోధించే హక్కు, ఒక్క టికెట్టు కొనని మనకు లేదు.

అందుకని ప్రియులారా, మీ ముందు మూడు మాటలు పెడుతున్నాను. నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే నాతో వాదించండి.

మొదటిది, ఆడి పాడేవాడికి కూలి పూర్తిగా ఇవ్వండి. పండుగకు పిలిచిన తబలా అబ్బాయికి, కోలాటం నేర్పే గురువుకు, బుర్రకథ చెప్పే కుటుంబానికి "దేవుని పని కదా" అని సగం చేతిలో పెట్టి పంపవద్దు. పొలం కోసినవాళ్ల కూలి బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు రాశాడు. అది కళాకారుడి కూలికీ వర్తిస్తుంది. ఆ రోజు డబ్బు ఆ రోజే, బేరం లేకుండా.

రెండవది, మన ఆడపిల్లలు పాటకు అడుగు వేయాలనుకుంటే వద్దనవద్దు. సంఘంలోని తల్లులు దగ్గరుండి నేర్పించండి. బట్టలు, పాట, సమయం మీరే కూర్చుని నిర్ణయించండి. తండ్రి ముందు వరుసలో కూర్చోవాలి, అన్న తెర లాగాలి. చాటున చేసేది పాడవుతుంది, ఇంటిల్లిపాదీ ముందు చేసేది నిలబడుతుంది. చదువు మానిపించి మాత్రం వద్దు.

మూడవది, ఆటగాళ్లు, బొమ్మలాటోళ్లు అనే పేర్లను తిట్టుగా పలకడం ఈ రోజుతో ఆపుదాం. ఎక్కడన్నా సురభి నాటకం పడితే, మీరు హైదరాబాదులో ఉన్నవాళ్లయితే ముఖ్యంగా, పిల్లలను తీసుకుని పోండి, టికెట్టు కొనండి. కథ మనది కాకపోవచ్చు. ఆడేవాళ్లు మన మండలంలో వేరు ఉన్నవాళ్లు. ఆట అయ్యాక తెర వెనక్కి పోయి, మాది గండి పక్క అని చెప్పి ఒక నమస్కారం చేసి రండి.

చివరిగా, దావీదు సంగతి. మందసం యెరూషలేముకు వస్తుంటే రాజు తన రాజవస్త్రాలు పక్కనపెట్టి, నార ఏఫోదు కట్టుకుని శక్తికొలది నాట్యమాడాడు. సౌలు కుమార్తె మీకాలు కిటికీలోనుండి చూసి, మనసులో ఆయనను హీనపరచింది. ఆమెకు కనబడింది పనికత్తెల ముందు పరువు తీసుకున్న రాజు. ఆమెకు కనబడనిది ఇంకొకటుంది. ఆట అయ్యాక దావీదు అక్కడున్న స్త్రీలకూ పురుషులకూ అందరికీ రొట్టె పంచి, కడుపు నింపి ఇళ్లకు పంపాడు. వీధిలో ఉన్నవాళ్లందరూ ఆ రోజు తిన్నారు, సంతోషించారు. ఆ సంతోషంలో పాలు లేకుండా పోయింది కిటికీ దగ్గర నిలబడిన మనిషి ఒక్కతే.

ఈ క్రిస్మస్‌కు మన పందిట్లో పిల్లలు ఆడేటప్పుడు, ఎవరూ కిటికీ దగ్గర నిలబడవద్దని నా మనవి. దిగి వీధిలోకి రండి. కాళ్లు నొప్పులున్నవాళ్లు కూర్చుని చప్పట్లు కొట్టండి.

మీ ఇంటిల్లిపాదినీ, మీ చేతుల కష్టాన్నీ దేవుడు దీవించును గాక. ఆమేన్.